పద్నాలుగో నంబరు మనిషి

కోయంబత్తూరు
జూలై 8

నా బంగారు అమ్మకు,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని కంగారు పడకు. ఫోన్‌లో అయితే నువ్వు మొదట "తింటివా కన్ను?" అంటావు. నేను "తింటినిమా" అంటాను. ఆ ఒక్క అబద్ధంతో మిగతా మాటలన్నీ ఆగిపోతాయి. తెలుగులో రాస్తే, తమిళ అక్షరాలే వచ్చిన నాయనా, అన్నా చదవలేరు. నాగమ్మాళ్ అవ్వ మనిద్దరికే పలక మీద దిద్దించిన అక్షరాలు ఇవాళ ఇందుకు పనికొస్తున్నాయి.

ల్యాబ్‌లో నా పని ఏమిటని నువ్వు అడిగినప్పుడల్లా "మెదడు, ఆకలి" అని తప్పించుకున్నాను. ఇప్పుడు సరిగ్గా చెబుతాను. తిండి మానుకుంటూ మానుకుంటూ మనిషి చిక్కిపోయే జబ్బు ఒకటి ఉంది. అది పొగరు కాదు, అందం మీద పిచ్చీ కాదు. వాళ్లకు ఆకలి పుట్టదని అందరూ అనుకుంటారు. పుడుతుంది. ఆకలి కబురు మోసే హార్మోను వాళ్ల నెత్తుట్లో చాలాసార్లు మామూలు కన్నా ఎక్కువే ఉంటుంది. కాని ఆ కబురు మెదడుకు చేరేసరికి అక్కడ భయం కాచుకుని ఉంటుంది. తినకపోతే కాసేపు మనసు నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది కోసం మళ్లీ మానేస్తారు. కొన్నాళ్లకు అది అలవాటుగా గట్టిపడి, ఆలోచించకుండానే చేయి కంచం మీంచి వెనక్కి వస్తుంది. మేము మనిషిని స్కానర్‌లో పడుకోబెట్టి తిండి బొమ్మలు చూపిస్తాం. ఏది తింటారో బటన్ నొక్కమంటాం. అప్పుడు మెదడులో ఏ భాగం పని చేస్తోందో చూస్తాం.

పోల్చడానికి జబ్బు లేనివాళ్లు కూడా కావాలి. ఏప్రిల్‌లో అలా రావలసిన ఒకామె రాలేదు. ఆమె బదులు నేనే పడుకున్నాను. ఫారాల మీద పేర్లు ఉండవు, నంబర్లే. ఆ నంబర్ల జాబితా ఉండేది నా దగ్గరే. తిండి అంటే భయముందా? లేదు అని రాశాను. నెలసరి సరిగ్గా వస్తోందా? వస్తోంది అని రాశాను. బరువు ఐదు కిలోలు ఎక్కువ వేశాను. ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా? లేదు. ఆ చివరి జవాబు ఒక్కటే నిజం.

అమ్మా, నాకు ఎనిమిది నెలలుగా నెలసరి లేదు. నాకు ఆ జబ్బు ఉంది. ఆరేళ్లుగా ఉంది.

మొన్న శుక్రవారం మీటింగులో మా గైడ్ డాక్టర్ అభిరామి గోడ మీద పటాలు వేసి చూపించింది. "ఈ పద్నాలుగో నంబరు చూడండి. ఆరోగ్యవంతుల గుంపులో ఉంది, కాని నూనె తగిలిన వస్తువు ఒక్కటీ ఎంచుకోలేదు. ప్రతిసారీ జబ్బు మనిషిలాగే," అంది. ఎవరో తీసేద్దామన్నారు. "తీసేయడం తర్వాత. ముందు ఈ మనిషి ఎవరో కనుక్కోవాలి. ఎవరూ పట్టించుకోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. కార్తీకా, కనుక్కుంటావా?"

"సరే మేడమ్" అన్నాను.

అప్పటినుంచి కూర్చోలేకపోతున్నాను. హాస్టల్ మెట్లు ఎక్కుతున్నాను, దిగుతున్నాను, మళ్లీ ఎక్కుతున్నాను. ఈ ఉత్తరం కూడా కిటికీ గట్టు మీద కాగితం పెట్టి నిలబడే రాస్తున్నాను. పద్నాలుగో నంబరు మనిషి దొరకలేదని చెప్పేసి నెలాఖరుకు చదువు మానేస్తాను. తుడియలూరులో ఒక పంపుల కంపెనీ ఆఫీసులో పని చూసుకున్నాను. నాయనకు నువ్వే ఏదో ఒకటి చెప్పు. నన్ను మాత్రం తినమని అడగకు.

నీ కూతురు,
కార్తీక

•

మదురై
జూలై 12

నా తల్లీ, నా కన్నూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రాసే అలవాటు పోయి చేయి మొండికేస్తోంది, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

నువ్వు నిజమని రాసిన ఆ ఒక్క జవాబు కూడా అబద్ధమే. ఇంట్లో ఇంకొకరికి ఉంది. నాకు ఉంది. అదొక జబ్బని నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

నీకు ఆరో నెలప్పుడు నాకు జ్వరం వచ్చి పది దినాలు తినలేకపోయాను. జ్వరం పోయాక కూడా తినబుద్ధి కాలేదు. కడుపు ఖాళీగా ఉంటే తలలో రొద అణిగిపోయేది. అన్నం ముందు కూర్చుంటే గుండె దడదడలాడేది. మొదట శనివారం ఒక్కపొద్దు అన్నాను. తర్వాత ఏకాదశి. ఆ తర్వాత కారమడై రంగనాథస్వామికి మొక్కు అని సోమవారం, గురువారం. ఎవరూ అడ్డు చెప్పలేదు. "సౌందరం మాదిరి భక్తి ఎవురికి వచ్చును" అని మీ అత్తలు పదిమందిలో చెప్పేవారు. నాకు సిగ్గుగా ఉండేది, సంతోషంగానూ ఉండేది. స్వామి నన్నేమీ అడగలేదమ్మా, నేనే ఆయన్ను అడ్డం పెట్టుకున్నాను. నిరుడు గడప తట్టుకుని మణికట్టు విరిగినప్పుడు, ఇవి డెబ్బై ఏళ్ల ఎముకలని డాక్టరు అంటే, మీ నాయన గర్వంగా "ఆమెకి వారమంతా ఉపవాసమే సార్" అన్నారు.

ఇంకొక మాట రాయకపోతే నాకు నిద్ర పట్టదు. పోయిన దీపావళికి నువ్వు వచ్చినప్పుడు ఇడ్లీని తుంచి తుంచి, తిన్నట్టు కనబడేలా కంచం అంచున పరచడం చూశాను. ఆ పని నాకు బాగా తెలుసు. చూసి, చట్నీ తెచ్చే నెపంతో లేచి వంటింట్లోకి పోయాను. నిన్ను అడిగితే నా సంగతి కూడా బయటపడుతుందని భయం. నన్ను దాచుకోవడానికి నిన్ను వదిలేశాను. ఏ తల్లీ చేయగూడని పని అది.

నిన్న మధ్యాహ్నం మీ నాయన కొట్టు నుంచి వచ్చి అరిటాకు ముందు కూర్చున్నప్పుడు చెప్పేశాను. "ఆ ఉపవాసాలు భక్తితో కాదండీ. బయంతో చేస్తిని. మన పాపకీ అదే వచ్చింది" అన్నాను. ఆయన చేయి ఆకు మీంచి వెనక్కి తీసుకున్నారు. సాంబారు అన్నంలోకి ఇంకిపోయింది. తర్వాత, "ఇరవయ్యారేండ్లు నా ఎదట నిలబడి వడ్డిస్తివి. నువ్వు తింటివా అని ఒక దినమన్నా నేను అడిగితినా?" అన్నారు. ఆ పూట ఆయన కూడా తినలేదు.

నువ్వు పని మానవద్దు. మీ మేడమ్ అడిగిన మనిషిని తీసుకుపోయి ఆమె ఎదుట నిలబెట్టు. నేనూ చూపించుకుంటాను. నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను.

నీ అమ్మ,
సౌందరం

•

కోయంబత్తూరు
ఆగస్టు 3

అమ్మా,

నీ ఉత్తరం సంచిలో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. మేడమ్ గది తలుపుదాకా పోవడం, వెనక్కి రావడం. నీ మీద కోపం కూడా వచ్చింది. చూసి కూడా ఊరుకున్నావే అని. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు, దాచితే మళ్లీ మొదటికే వస్తాం గనుక రాస్తున్నాను. నాలుగో రోజు లోపలికి వెళ్లాను.

"మేడమ్, పద్నాలుగో నంబరు దొరికింది."

"ఎవరు?"

"నేనే."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఫారంలో ఎన్ని అబద్ధాలు?"

"తెలిసి మూడు. తెలియక ఒకటి."

కోప్పడింది. కోప్పడాల్సిందే. నా స్కాన్ తీసేశారు, పరిశోధనల్లో నియమాలు చూసే కమిటీకి జరిగింది జరిగినట్టు రాశారు, మనుషుల జాబితా నా చేతిలోంచి తీసుకున్నారు. మా పరిశోధన పేపరు నాలుగు నెలలు వెనక్కి పోయింది. అంతా అయ్యాక, "రేపు పదింటికి సైకియాట్రిస్ట్ దగ్గరికి. నేను తోడొస్తాను," అంది. చదువు మానేస్తానని రాసుకున్న కాగితం ఆమెకు ఇవ్వలేదు.

రెండు వారాలైంది. నాడి మరీ నెమ్మదిగా ఉందని, ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేరాలని డాక్టరు చెప్పారు. పూటపూటకూ ఏం తినాలో రాసిచ్చారు. ఒక్క భోజనానికి గంటకు పైగా పడుతోంది. ఈ జబ్బు మీద వచ్చిన పేపర్లు సగం నాకు కంఠతా వచ్చు, అయినా ఎత్తిన ముద్ద మళ్లీ కంచంలోనే పెట్టేస్తాను. తెలుసుకున్నంత మాత్రాన మెదడు మారదట. భయపడుతూనే పదేపదే తినాలి, అప్పుడే అది కొత్త అలవాటు నేర్చుకుంటుందట. తిన్నాక కాళ్లు ఊరుకోవు, నడవమంటాయి. డాక్టరు చెప్పినట్టు కుర్చీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంటున్నాను.

గురువారం పదకొండున్నరకు నీకూ సమయం తీసుకున్నాను. నాయనను కూడా తీసుకురా. డాక్టరుకు ఆయనతోనూ మాట్లాడాలట.

నిన్నటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మీటింగు నడుస్తోంది. నా కడుపులో ఏదో మెలితిప్పింది. మొదట భయమేసింది, జబ్బేమో అనుకున్నాను. ఆ తర్వాత గుర్తుపట్టాను. గుర్తుపట్టగానే నోట్లోంచి మాట వచ్చేసింది, అదీ మన ఇంటి తెలుగులో: "నాకు ఆకలౌతా ఉంది."

ఎవరికీ అర్థం కాలేదు. అభిరామి మేడమ్ "ఎన్న?" అని అడిగింది. తమిళంలో మళ్లీ చెప్పాను. నా చెవులకు అది వేరే ఎవరి గొంతులానో వినిపించింది. ఆమె ల్యాప్‌టాప్ మూసి, "అందరం పోయి తినేసి వద్దాం" అని లేచింది.

గురువారం బస్టాండులో మీ కోసం నిలబడి ఉండే,
కార్తీక