తడి కనబడిన రోజే ఇంజను విప్పాలి

చిత్తూరు జిల్లా మదనపల్లెలో మిషన్ కాంపౌండు వెనుక వీధిలో కాపురముంటున్న, కీర్తిశేషులు డ్రైవరు ఎలీషా గారి భార్య, రిటైరయిన నర్సు విక్టోరియా అను నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్తిగా, నా చేతి వ్రాతతో పెట్టుకుంటున్న వీలునామా ఇది. నా గుండె సరిగా కొట్టుకోవడం లేదని డాక్టరమ్మ చెప్పారు. బుద్ధి మాత్రం బాగానే ఉంది. ఈ ఉదయం కూరగాయలమ్మి తూకంలో చేసిన మోసాన్ని మంచం మీద నుంచే పట్టుకున్నాను. కనుక నా స్థిరబుద్ధి విషయంలో ఎవరికీ అనుమానం అక్కరలేదు. ఇంతకు ముందు నేను వేరే వీలునామా ఏదీ వ్రాయలేదు.

మాకు సంతానం లేదు. నా తదనంతరం నా స్థిరచరాస్తులు ఈ దిగువ విధంగా చెందవలెను. ఇది అమలు జరిపించే భారం మా సంఘపు పెద్ద, హెడ్మాస్టరుగా చేసి మానుకున్న కృపాదానం గారి మీద ఉంచుతున్నాను. ఆయన దీన్ని నా వాళ్ళకు చదివి వినిపించేటప్పుడు దస్తావేజు మాటలు మాత్రమే చదివి, నా సొంత మాటలు మింగేయకూడదని మనవి.

1. పుంగనూరులో నా స్వార్జితమైన పెంకుటిల్లు, దాన్ని ఆనుకుని ఉన్న బండి షెడ్డు, బావి నీటి హక్కుతో సహా, నా భర్త అన్నగారి కుమారుడు పాల్‌కు ఇస్తున్నాను. అతడు పుత్రపౌత్ర పారంపర్యంగా, సర్వ హక్కులతో అనుభవించవచ్చును. షెడ్డు నేల మీద ఉన్న నూనె మరకలను సున్నం చల్లి రుద్దించవద్దు. మా వారు అక్కడే కూర్చుని పనిచేసేవారు.

2. మిషన్ ఆస్పత్రిలో మునుపటి పెద్ద డాక్టరమ్మ తన దేశానికి వెళ్ళిపోతూ మా వారికి ఇచ్చిపోయిన నల్ల కారు, ఇప్పుడు పాల్ నడుపుతున్నది, పాల్‌కే చెందవలెను. అయితే దీనికి ఒక షరతు ఉంది. ఆస్పత్రికి పోవలసిన వాళ్ళు బండి అడిగితే లేదనకూడదు. అలా లేదనకుండా ఉండాలంటే బండి ఎప్పుడూ పోవడానికి సిద్ధంగా ఉండాలి. నాయనా పాల్, నువ్వు బండి బాగా తోలతావు, హారన్ ఇంకా బాగా కొడతావు. కానీ దాని ఒంట్లో ఏముందో అడగవు. పోయిన నెల రేడియేటరులో నీళ్ళు తగ్గాయని నేనంటే, "ఇన్ని నీళ్ళు పోస్తే కుప్పం దాకా పోతాది లే చిన్నమ్మా" అన్నావు. అందుకే ఇది రాస్తున్నాను.

బండి కింద ఒక్క చుక్క కారకుండానే నీళ్ళు తగ్గుతుంటే, ఇంజను బాగా వేడెక్కిన తర్వాత కూడా పొగగొట్టంలోంచి తెల్లని ఆవిరి ఆగకుండా వస్తుంటే, ఆయిలు చూసే పుల్లకు పాలు కలిపిన కాఫీ రంగు జిడ్డు అంటుకుంటే, గ్యాస్కెట్టు పోతోందని తెలుసుకో. చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి, స్టార్టు చేసి చూడు. నీళ్ళలో బుడగలు లేస్తుంటే ఇక అనుమానమే లేదు. ఇంజను మీది హెడ్డుకూ కింది దిమ్మకూ నడుమ ఉన్న ఆ రాగి రేకే మంటను, నీళ్ళను, ఆయిలును ఒకదానితో ఒకటి కలవనీయకుండా కాపాడేది. ఒక్కోసారి ఇవేవీ ఉండవు. హెడ్డు అంచున సన్నని తడి గీత మాత్రం ఉంటుంది. అందరూ బండి నిలిచిపోయిన రోజు ఇంజను విప్పుతారు. మీ చిన్నాయన తడి కనబడిన రోజే విప్పేవారు. నువ్వూ అట్లే చెయ్యి.

3. నా భర్త చేతిలో అరిగిన పెద్ద స్పానరు నా తమ్ముడు, బైరెడ్డిపల్లె కాపురస్థుడు గంగులప్పకు ఇస్తున్నాను. అతనికి మోటారు లేదు, రెండు ఎద్దులూ ఒక బండీ ఉన్నాయి. మరి ఎందుకిచ్చిందని పాల్ అడగవచ్చు. కాబట్టి కారణం వివరంగా వ్రాస్తున్నాను.

మా అమ్మ పోయినప్పుడు గంగులప్ప ఇంకా పాలు మరవని పిల్లవాడు. నా చంకలోనే పెరిగాడు. తర్వాత నేను మిషన్ ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుని, బాప్తిస్మం తీసుకుని, ఎలీషా గారిని పెళ్ళి చేసుకున్నాను. అప్పటి నుంచి వాడు మా గడప తొక్కలేదు. పలమనేరు సంతలో ఎదురైతే అందరిలాగే "నర్సమ్మా" అని పిలిచేవాడు. ఆ పిలుపు వినలేక నేను సంతకు పోవడమే మానేశాను.

అది వెయ్యిన్ని తొమ్మిది వందల నలభై ఒకటో సంవత్సరం, ఎండలు తగ్గి వానలు పడబోయే రోజులు. మేము పుంగనూరులో ఉండేవాళ్ళం. ఒక ఉదయం మా వారు ఈ నల్ల కారు బానెట్ ఎత్తి, హెడ్డు అంచు వెంబడి వేలు నడిపి, ఆ వేలును ఎండలో పెట్టి చూసుకున్నారు. తర్వాత నీళ్ళు వదిలేసి నట్లు విప్పడం మొదలుపెట్టారు. కొత్త గ్యాస్కెట్టు బెంగుళూరు నుంచి కుప్పం స్టేషనుకు పార్సిలు తెప్పించుకుని ముందే దాచుకున్నారట. బండి ఆ ముందు రోజు దాకా గుర్రంలా పరుగెత్తింది. నేను మందుల పెట్టెతో మదనపల్లె పోవలసి ఉంది. నాకు కోపం వచ్చింది.

"నడిచే బండిని యాల పడగొట్టినావయ్యా?" అన్నాను.

"నడస్తాండాది గనకనే ఇప్పుడు విప్పేది. అది నిలబడే రోజు మనం చెప్పిన చోట నిలబడదు" అన్నారు.

ఇక ఆయనతో మాట్లాడకుండా వంటింట్లో కూర్చున్నాను. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఏదో లారీ దిగి గంగులప్ప మా వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నర్సమ్మా, మా చెంగమ్మకి బాగలేదు. కాళ్ళు వాచి కుండలైనాయి. తలకాయి పగిలిపోతాండాదంటాది. పొద్దున్నించి కండ్లు మసకంట. మంత్రసాని ఏమో ఇంకా దినాలుండాయి, గాలి సోకిందంటాది. బండి కావల్ల" అన్నాడు.

చెంగమ్మ వాడి ఒక్కగానొక్క కూతురు. భార్య పోయిన తర్వాత వాడికి ఉన్నదంతా ఆ పిల్లే. కాన్పుకని కుప్పం నుంచి పుట్టింటికి వచ్చి ఉంది. వాపు, తలనొప్పి, మసక చూపు అనగానే నాకు సంగతి తెలిసిపోయింది. అవి మూడూ కలిస్తే తర్వాత వచ్చేది ఫిట్సు. ఫిట్సు వచ్చాక తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ దక్కించుకున్న సందర్భాలు నా సర్వీసులో చాలా తక్కువ. అవి రాకముందే మదనపల్లెలో డాక్టరమ్మ ముందు పడుకోబెట్టాలి. ఊళ్ళో ఉన్న ఇంకో కారు పెళ్ళివారితో తిరుపతి పోయింది. మా బండి హెడ్డు గోనెపట్ట మీద ఉంది.

గంగులప్ప దాన్ని చూశాడు. వాడి ముఖం మారిపోయింది.

"మేము రామని నోటితో చెప్పొచ్చు గదా. దానికి బండి ఇప్పి పెట్టల్నా?" అని వెనక్కు తిరిగాడు.

మా వారు లేవలేదు. గొంతు పెంచలేదు. "అప్పా, ఇట్లా రా. ఇది సూసి పో" అని విప్పిన పాత గ్యాస్కెట్టు ఎత్తి వెలుతురుకు పట్టారు. రెండు గుండ్రటి బెజ్జాల నడుమ రాగి నల్లగా మాడి, దారమంత సన్నగా మిగిలి ఉంది. "ఇంకో మెరక ఎక్కితే ఇది తెగుతాది. నీ బిడ్డను ఎక్కించుకున్నాక తెగుంటే, ఆ బయట్లో ఏం జేసుందుము? వచ్చి ఈ హెడ్డు ఒక పక్క పట్టు" అన్నారు.

గంగులప్ప చెప్పులు విడిచి షెడ్డులోకి వచ్చాడు.

నాకు ఆయన మీద ఉన్న కోపమంతా అప్పుడు ఆత్రమైంది. కానీ ఆయన ఒక్క పని కూడా దాటవేయలేదు. దిమ్మ మీద అంటుకున్న పాత రేకు ముక్కలన్నీ గీకి తీసేదాకా కొత్తదాన్ని ముట్టలేదు. ఉక్కు బద్ద పెట్టి దిమ్మ, హెడ్డు వంకర పోలేదని చూసుకున్నారు. ఆపరేషను బల్ల తుడిచినట్టు నేను ఆ ఇనుమును తుడిచాను. కొత్త రేకు పరిచి, మగవాళ్ళిద్దరూ చెరో పక్క పట్టి హెడ్డు దింపారు. ఆయన నడిమి నట్టు కాస్త తిప్పి, అటొకటి ఇటొకటి చొప్పున అంచుల దాకా పోయి, మళ్ళీ నడుమకు వచ్చేవారు.

"ఒక్కోదాన్ని ఒకే తూరి బిగించి పారెయ్ బావా" అన్నాడు గంగులప్ప.

మా పెళ్ళయినాక వాడు ఆయన్ను వరస పెట్టి పిలవడం అదే మొదలు. ఆయన ఆ పిలుపు విననట్టే ఉన్నారు. "ఒక పక్క ఎక్కువ బిగిస్తే ఇంకో పక్క లేస్తాది. అన్నీ సమంగా రావల్ల" అని మాత్రం అన్నారు.

గొట్టాలు తగిలించే వేళకు గంగులప్ప మోచేతుల దాకా నల్లబడ్డాడు. నా వైపు తిరిగి, "అక్కా, రొన్ని నీళ్ళు పొయ్యి" అన్నాడు. చేతులు పట్టడానికి లేదు కాబట్టి తల పైకెత్తి నోరు తెరిచాడు. నేను చెంబుతో పోశాను. చిన్నప్పుడు తాగినట్టే గటగటా తాగి, గడ్డం మీద కారిన నీళ్ళు భుజంతో తుడుచుకున్నాడు. నేను మందుల సంచి తెచ్చే మిషతో లోపలికి పోయి, కండ్లు తుడుచుకుని వచ్చాను.

బయల్దేరి గంగవరం చేరామో లేదో, మా వారు బండి ఆపేశారు. కొత్త రేకు మొదటి వేడికి అణుగుతుందనీ, నట్లు ఒకసారి మళ్ళీ బిగించాలనీ అన్నారు. గంగులప్ప ఆయన మీదికి పోయినంత పని చేశాడు.

"నా బిడ్డ ఆడ సస్తాంటే నువ్వు ఈడ నట్లు తిప్పుతాండావా?"

నిజం చెప్పాలంటే నేనూ అదే అనబోయాను. ఆయన ఈ స్పానరును వాడి చేతిలో పెట్టి, "నువ్వే తిప్పు. నడుమ నించి" అన్నారు. గంగులప్ప పళ్ళు కొరుకుతూ మొదటి నట్టుకు తగిలించి లాగాడు. అది తిరిగింది. రెండోదీ తిరిగింది. వాడి కోపం చేతిలోంచే దిగిపోవడం నేను చూశాను. "దిగతాండాది బావా" అన్నాడు మెల్లగా. మిగిలినవన్నీ వాడే బిగించాడు.

బైరెడ్డిపల్లెలో చెంగమ్మ నన్ను కంటితో గుర్తుపట్టలేదు, గొంతు విని "అత్తా" అంది. వెనక సీటులో పడుకోబెట్టి తల నా ఒడిలో పెట్టుకున్నాను. తిరుగుదారిలో పలమనేరు దాటాక ఫిట్సు వచ్చింది. పండ్ల నడుమ గుడ్డ చుట్టిన గరిటె పెట్టి, పక్కకు తిప్పి పట్టుకున్నాను. ముందు సీటులోంచి గంగులప్ప వెనక్కు తిరిగి కూతురి పాదాలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మా వారు ఒక్కసారి కూడా వెనక్కు చూడలేదు. రోడ్డు మీదే చూపు నిలిపి, గుంతలు తప్పిస్తూ, అన్ని మెరకలూ ఎక్కించారు. రేడియేటరు ఎక్కడా మరగలేదు, బండి ఎక్కడా దగ్గలేదు. మదనపల్లెలో దీపాలు పెట్టే వేళకు ఆస్పత్రి వాకిట్లో దిగాం. డాక్టరమ్మ చెంగమ్మను వెంటనే ఆపరేషనుకు తీసుకుపోయారు. ఆడపిల్ల పుట్టింది. నేను బయటికి వచ్చి చెప్పేసరికి గంగులప్ప వరండాలో కూర్చుని, ఇంకా ఆ స్పానరును పట్టుకునే ఉన్నాడు. చెంగమ్మకు పూర్తిగా తెలివి రావడానికి కొన్నాళ్ళు పట్టింది. చూపు కూడా తిరిగి వచ్చింది.

ఆ రోజు ఇంజను విప్పకుండా ఉంటే ఫిట్సు రాకముందే ఆస్పత్రి చేరేవాళ్ళమని గంగులప్ప అనేవాడు. విప్పకపోతే అసలు చేరేవాళ్ళమే కాదని మా వారు అనేవారు. ఏది నిజమో నాకు ఈనాటికీ తెలియదు. ఈ తగాదా మా ఇంట్లో ఒకే పంక్తిలో అన్నం తింటూ, మా వారు జ్వరంతో పోయేదాకా నాలుగేళ్ళు సాగింది. ఆయన శవపెట్టె ముందు కొస మోసింది గంగులప్పే. మాడిన ఆ పాత గ్యాస్కెట్టు వాడి కొట్టంలో గోడకు మేకు కొట్టి ఉంది. అది నా ఆస్తి కాదు. నా వారసులు దాన్ని అడగరాదు.

4. నాడి చూడటానికి నేను వాడిన సెకండ్ల ముల్లు గడియారం, కుప్పంలో రైల్వే గ్యాంగ్‌మన్‌గా ఉన్న బాలప్ప భార్య చెంగమ్మ కుమార్తె వెంకటలక్ష్మమ్మకు చెందవలెను. నేను చెప్పిన బిడ్డ ఈమే. రెండో తరగతి చదువుతోంది. మా ఇంటికి వస్తే అందరి మణికట్లూ పట్టుకుని చూస్తుంది, పిల్లిని కూడా వదలదు. గడియారాన్ని పెళ్ళికని పెట్టెలో దాచవద్దు, ఇప్పుడే ఇవ్వండి. పగిలితే పగలనీ. నా పట్టుచీరలు చెంగమ్మవి. నీలం చీరకు అంచు చిరిగింది, కుట్టించుకోమని చెప్పండి.

5. మా సంఘంలోని విమలమ్మ, ఆమె మనవడి పేరు పెట్టే విందుకని నా ఇత్తడి గుండిగ తీసుకుపోయి ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు. మనవడికి మీసాలు వచ్చాయి. నేను మొగుడి పక్కన ముందు సీటులో కూర్చుని ఊళ్ళు తిరుగుతానని ప్రార్థన గుడిలో అన్నది కూడా ఈమే. మా వారు పోయినప్పుడు నెల రోజులు నా పక్కన పడుకుని నన్ను ఒంటరిగా వదలనిది కూడా ఈమే. సదరు గుండిగను ఆమెకు సంపూర్ణ హక్కులతో ఇస్తున్నాను. వీలునామాలో వాటా పొందేవారు సాక్షి సంతకం చేయరాదని కృపాదానం గారు చెప్పినందున ఆమె చేత సంతకం పెట్టించలేదు. ఆమె అలిగితే ఆ సంగతి చెప్పండి.

6. నా పెద్దక్షరాల బైబిలు కృపాదానం గారికి. ఆయన కండ్లజోడు మార్చుకోనంటారు కాబట్టి.

7. నన్ను పుంగనూరులో మా వారి పక్కన పెట్టవలెను. నా పెట్టెను మా కారులోనే తీసుకుపోవాలని పాల్ పట్టుబడతాడని నాకు తెలుసు. అట్లే కానివ్వండి. అయితే ఆ సమయంలో ఏ ఊరినుంచైనా కాన్పు కబురు వస్తే, నా పెట్టెను దించి ఏ చెట్టు నీడనో పెట్టి, బండి అటే పోవలెను. పాటలు పాడేవాళ్ళు పాడుతూ ఉండవచ్చు. నాకేమీ తొందర లేదు.

పైన వ్రాసినదంతా చదువుకుని, నా మనస్ఫూర్తిగా ఒప్పుకుని, 1948వ సంవత్సరం జూలై నెల 10వ తేదీ శనివారం మదనపల్లెలో, ఈ దిగువ సాక్షుల ఎదుట సంతకం చేశాను.

(సంతకం) ఎ. విక్టోరియా

సాక్షులు:
మునెప్ప, కాంపౌండరు, మదనపల్లె
వరమ్మ, స్టాఫ్ నర్సు, మదనపల్లె