రెండు చీమల పెట్టెలు, ఒక వంటగది

ఈ కాగితం చదివేవాళ్లు ముందుగా తెలుసుకోవలసిన సంగతి: దీన్ని చెప్పి రాయిస్తున్న నేను మంచం మీద ఉన్నాను గానీ మతి తప్పి లేను. విరిగింది తుంటి ఎముక, తలకాయ కాదు. నాకు డెబ్భై ఎనిమిదేళ్లు. అక్షరం రాదు. అందుకని దస్తావేజులు రాసే ఆయన్ని ఇంటికి పిలిపించి, ఎవరి బలవంతమూ, ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా అంతట నేనే చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. బుజ్జగింపు అనే మాట దస్తావేజుల్లో వాడరని ఆయన అన్నాడు. వాడమన్నాను. నన్ను బలవంతపెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు, బుజ్జగించబోయినవాళ్లు మాత్రం ఈ ఇంట్లోనే ఉన్నారు.

వచ్చే సోమవారం నన్ను మళ్లీ కోస్తారు. గుండె తట్టుకుంటుందా అని అడిగితే డాక్టరు నా కొడుకులను బయటికి పిలిచాడు. బయటికి పిలిచి చెప్పే కబుర్లు ఎలాంటివో నాకు తెలుసు. ముప్ఫై రెండేళ్లు రక్తపరీక్షల ల్యాబులో పని చేశాను. అందుకే ఈ తొందర.

ఒకటి. నా వారసులు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు లిఫ్టులు బాగుచేస్తాడు, వాడికి ఇద్దరు పిల్లలు. చిన్నవాడు షాపులకు బోర్డులు రాస్తాడు, వాడికి ఒక పాప. మా ఆయన పోయి పదిహేడేళ్లయింది. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా ల్యాబులో మైక్రోస్కోపు దగ్గర కూర్చున్న ఆయనకు అప్పగిస్తున్నాను. నేను ఆయన్ని తమ్ముడూ అంటాను. ఆయన నన్ను అందరిలాగే గొట్టాలమ్మా అంటాడు. రక్తం పోసిన గాజు గొట్టాలు కడగడమే నా పని, అందుకే ఆ పేరు. నా కొడుకులిద్దరూ ఆయన మాట వింటారు. నా మాట వినరని కాదు, విన్నట్టు తలాడిస్తారు.

రెండు. నేను పని మానేసిన రోజున ల్యాబు యజమాని ఇచ్చిన గోడగడియారాన్ని ఆయనకే తిరిగి ఇచ్చేయాలి. దాని మీద నా పేరు లేదు, ఆయన ల్యాబు పేరు ఉంది. ఒకసారి ఒకరి రక్తానికి ఇంకొకరి ఫలితం వస్తే, పదిమందిలో నన్ను నిలబెట్టి, “చదువు రానిదాన్ని పనిలో పెట్టుకుంటే ఇంతే మరి” అన్నాడు. చీటీ అంటించినవాడిది తప్పని మర్నాడే తేలింది. అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆయన లేకపోతే ఆయన కొడుక్కి ఇవ్వండి. బ్యాటరీ తీసేసి ఇవ్వండి, బ్యాటరీ మనది.

మూడు. ఇనప బీరువా, నా చెవి దుద్దులు పెద్దకోడలికి. బీరువా తలుపు కీచుమంటుంది, దానికి నూనె వేయకూడదు. ఎవరు ఎప్పుడు తెరిచారో నాకు మంచం మీదినుంచే తెలిసేది, ఇకముందు ఆవిడకు తెలియాలి. లోకమంతా ఇంటినిండా చీమల్ని చంపే మందు కొట్టుకుంటుంటే, మా అత్త మాత్రం వాటిని కూర్చోబెట్టి మేపుతోందని ఆవిడ వీధంతా చెప్పి నవ్వేది. అదే మనిషి, చచ్చిన ఈగ దొరికితే కాగితం మీద పెట్టి నా గుమ్మం దగ్గర వదిలి, నా మొహం చూడకుండా వెళ్లిపోయేది. మందు కొట్టి చంపిన ఈగను ఒక్కసారి కూడా తేలేదు. అది నేను గమనించలేదనుకుంటోంది.

నాలుగు. ఇక చీమల సంగతి. దస్తావేజుల ఆయన వీటిని చరాస్తి కింద వేయమంటారా అని అడిగాడు. కాళ్లున్నాయి, కదులుతాయి, వేసుకోవయ్యా అన్నాను.

తొమ్మిదేళ్ల కిందట తొలివాన వెలిసిన సాయంత్రం, రెక్కలున్న గండుచీమ ఒకటి మా మేడమెట్ల మీద వాలి, నా కళ్లముందే రెక్కలు తుంచుకుంది. తమ్ముడికి చూపిస్తే, అది రాణి, ఇక ఎగరదు, గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటోంది అన్నాడు. నా దగ్గర గాజు గొట్టాలకేం కరువు? గొట్టం అడుగున నీళ్లు, నీళ్లమీద గట్టిగా దూది, ఈవల చీమ, మూతి దగ్గర మళ్లీ దూది. చీకటిగా ఉండేలా గుడ్డ చుట్టి బట్టల మధ్య దాచాను. నెలన్నర తరవాత మొదటి పనిచీమ పుట్టింది. అన్నాళ్లూ ఆ తల్లి ఏమీ తినలేదు. ఇక పనికిరాని రెక్కల కండను ఒంట్లోనే కరిగించుకుని పిల్లల్ని పెంచిందట. ఇద్దరు కొడుకుల్ని కన్నదాన్ని, నాకు ఎవరూ ఇంకేం చెప్పక్కర్లేదు అనిపించింది.

మూడేళ్ల తరవాత ఇంకో రాణి దొరికింది. మొదటి గొట్టం అప్పటికే గోడగూట్లో ఒక పెట్టెలో ఉంది, దీనికి పక్కనే ఇంకో పెట్టె. మొదటిదానికి ఎర్రదారం, రెండోదానికి పచ్చదారం కట్టాను, నాకు గుర్తు అదే. ఒక్కో పెట్టెకు ఒక్కో నీళ్ల గొట్టం. నీళ్లు అయిపోవస్తే, కొత్త గొట్టం తెచ్చి సన్నటి పైపుతో పాతదానికి కలుపుతాను. ఒకటి రెండు రోజుల్లో అవే గుడ్లు మోసుకుని కొత్తదాంట్లోకి కాపురం మార్చేస్తాయి. నా చిన్నకోడలు పక్కన కూర్చుని అది చాలాసార్లు చూసింది. ఈ మాట జాగ్రత్తగా రాయమన్నాను.

ఐదు. ఈ అంశం ఆస్తికి సంబంధించింది కాదు. అయినా రాయిస్తున్నాను. నేను పోయాక ఈ సంగతిని ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ దెప్పడానికి వాడకూడదు.

నేను తుంటి విరిగి ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నాను. పదో రోజున పచ్చదారం పెట్టెలో నీళ్లు అయిపోయాయి. దూది ఎండిపోయింది. చీమలన్నీ దాని మీద పడి నాకుతున్నాయి. కొత్త గొట్టంలో నీళ్లు నింపి దూది బిగించడం చిన్నకోడలికి చేతకాలేదు, మూడుసార్లు చేస్తే మూడుసార్లూ కారిపోయాయి. ఎర్రదారం పెట్టెలో నీళ్లు నిండుగా ఉన్నాయి. అందుకని నేను చేసినట్టే పైపు తీసుకుని, ఈ పెట్టెను ఆ పెట్టెకు కలిపింది. రెండూ గండుచీమలే, ఒక్కలాగే ఉంటాయి. ఒక ఇంటివాళ్లకు ఇంకో ఇంటివాళ్ల వాసన పడదని నేను ఏనాడూ చెప్పలేదు. నాకు తెలుసు. చెప్పాలని తోచలేదు.

నన్ను మంచంతో సహా ఇంట్లోకి తెచ్చేసరికి అది రెండోరోజు. దాహంతో ఉన్నవి నీళ్లకోసం నేరుగా ఎర్రదారం తల్లి ఉన్న గొట్టంలోకి దూసుకుపోయాయి. మంచాన్ని గోడగూటి పక్కకు వేయించుకుని, భూతద్దం పెట్టి చూశాను. దవడకు దవడ పట్టి, చచ్చినవి కూడా వదల్లేదు. పైపు లాగేయమని అరిచాను. లాగేసింది. కానీ అప్పటికే అటువి ఇటు, ఇటువి అటు. చిన్నవాడి సన్నకుంచెతో విడదీయబోతే కాళ్లు ఊడివచ్చాయి గానీ పట్టు వీడలేదు. నేను లేచి నిలబడలేను. నా చెయ్యి ఆ గోడగూట్లోకి పూర్తిగా అందలేదు. మంచం మీద పడి ఉండి, చూడడం తప్ప ఏమీ చేయలేకపోయాను. తమ్ముడికి కబురు పెడితే వచ్చాడు, చూశాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడంటే ఇంక చేసేదేమీ లేదని అర్థం.

చిన్నకోడలు ఏడుస్తూ ఒక్కటే మాట అంది: “అందరూ ఒకచోట ఉంటే ఎవరికీ ఏ లోటూ ఉండదని మీరేగా అత్తయ్యా అంటారు.” అన్నాను. పదకొండేళ్లుగా ఈ వంటగదిలో రోజూ అదే అన్నాను. తోడికోడళ్లు గిన్నెలు విసురుకున్నప్పుడు అన్నాను. పెద్దవాడూ చిన్నవాడూ ఒకే భోజనాల బల్ల దగ్గర మూడు నెలలు మాట్లాడుకోకుండా తిన్నప్పుడూ అన్నాను. ఆ పైపు పెట్టిన చెయ్యి ఆవిడది, పెట్టించిన నోరు నాది.

ఆరు. నిన్న రాత్రికి ఉన్న స్థితి. ఎర్రదారం తల్లి చచ్చిపోయింది. ఆ పెట్టెలో నలభై దాకా పనిచీమలు, పదకొండు గూళ్లు మిగిలాయి. గూడంటే లోపల బిడ్డ ఇంకా నిద్రలో ఉన్న తెల్లటి పొట్లం. ఆ చీమలు చచ్చిన తల్లిని ఇంకా నాకుతూ, ఒక మూలనుంచి ఇంకో మూలకు మోస్తున్నాయి. పచ్చదారం తల్లి బతికింది. ఒక మీసం, ఒక కాలు పోయాయి. దానికి ఏడు పనిచీమలున్నాయి. గుడ్లు లేవు.

ఇటు తల్లి లేని పిల్లలు, అటు పిల్లలు కరువైన తల్లి. మధ్య దూరం జానెడు. కలపడానికి వీల్లేదు. ఇన్నేళ్ల బతుకులో ఇంత చేతకానితనం నేను ఎరగను. మా ఆయన పోయినప్పుడు కూడా చెయ్యడానికి ఏదో ఒక పని ఉండింది.

ఏడు. ఇంటి పంపకం. ఇల్లు పంచనని నేను ఊరందరి ముందూ చెప్పిన మాటను ఇందుమూలంగా రద్దు చేసుకుంటున్నాను. వీధివైపు గదులు రెండూ, ఇప్పుడున్న వంటగదీ పెద్దకొడుక్కి. వెనకగది, వసారా, మేడమెట్లు చిన్నకొడుక్కి. వసారాను మూసి వాడు వంటగది కట్టుకోవాలి. నడవకు అడ్డంగా గోడ లేపాలి. గోడ ఎవరి జాగాలోకి ఎంత వచ్చిందని ఎవరైనా టేపు పట్టుకుని కొలిస్తే, ఆ గోడ మొత్తం వాళ్ల జాగాలోకే జరపమని తమ్ముడికి అధికారం ఇస్తున్నాను.

గోడకు తలుపు ఉండాలి. ఎత్తు పిల్లలకు సరిపడా. పిల్లలు ముగ్గురూ ఏ వంటగదిలోనైనా తినవచ్చు, ఎవరూ ఎక్కడ తిన్నావని అడగకూడదు. పెద్దవాళ్లకు మాత్రం వీధి గుమ్మం ఉంది, తలుపు కొట్టి వెళ్లండి.

ఎనిమిది. ఆరేళ్ల కిందట చిన్నకోడలు తన సొంత సంపాదనతో ఒక గ్యాస్‌స్టవ్ కొనితెచ్చింది. ఈ ఇంట్లో రెండు పొయ్యిలు వెలగవని చెప్పి దాన్ని అటకమీద పెట్టించి, నిచ్చెనకు గొలుసేసి తాళం వేయించాను. అది అట్టపెట్టె విప్పకుండా అలాగే ఉంది. తాళంచెవి నా దిండు కింద ఉంది. ఆ స్టవ్ ఆవిడదే కాబట్టి నేను ఇవ్వడమనే మాట రాదు. తిరిగి అప్పగిస్తున్నాను.

తొమ్మిది. ఎర్రదారం పెట్టె పెద్దకొడుక్కి. అందులోవి ఇక పెరగవు, రోజుకు కొన్ని తగ్గుతాయి. ఆఖరిది పోయేదాకా పంచదార నీళ్లు, ఉడికిన గుడ్డు ముక్క పెట్టాలి. మా అమ్మకు పిచ్చి అని వాడు పనిలో తోటివాళ్లతో అన్నమాట నా చెవిన పడింది. మొన్న డ్యూటీకి వెళ్తూ, నేను నిద్రపోతున్నాననుకుని, ఆ పెట్టెలో దూదితో నీళ్లు చుక్క చుక్కగా వేసి, “తాగండర్రా” అనడమూ నా చెవిన పడింది.

పది. పచ్చదారం పెట్టె, భూతద్దం, గాజు గొట్టాలన్నీ చిన్నకోడలికి. అందరూ పోయి ఆవిడకేనా అని ఎవరైనా అంటే, అవును, ఆవిడకే. ఇంకెప్పుడూ ఆ తప్పు చేయని మనిషి ఈ ఇంట్లో ఆవిడ ఒక్కతే.

చివరి మాట. పెద్ద చీమల్ని కలపలేం గానీ, గూళ్లలో ఉన్నవాటికి ఏ ఇంటి వాసనా గట్టిగా పట్టి ఉండదని తమ్ముడు అన్నాడు. తీసుకెళ్లి పెడితే, పచ్చదారం ఏడు చీమలూ వాటిని తమ పిల్లలే అనుకుని పెంచవచ్చు, చీల్చి తినేయనూ వచ్చు. చెప్పలేం అన్నాడు. ఈ పొద్దున చిన్నకోడలు ఎర్రదారం పెట్టెలోంచి పదకొండు గూళ్లనూ కుంచెతో ఒక్కొక్కటే తీసి, పచ్చదారం గొట్టం మూతి దగ్గర పెట్టింది. ఒక్కటీ జారవిడవలేదు. నేను ఊరికే భూతద్దం పట్టుకున్నాను. తరవాత గుడ్డ కప్పేశాం. కంగారు పడితే తల్లే పిల్లల్ని తినేస్తుంది కాబట్టి ఎనిమిది రోజులదాకా ఆ గుడ్డ ఎవరూ ఎత్తకూడదు. మేత, నీళ్లు పెట్టెలో పెట్టవచ్చు, గొట్టం చూడకూడదు. ఇది ప్రార్థన కాదు, షరతు. ఆ ఎనిమిది రోజుల్లో ఐదో రోజున నన్ను కోస్తారు.

నేను ఉంటే గుడ్డ నేనే ఎత్తుతాను. లేకపోతే చిన్నకోడలు ఎత్తాలి, తన కొత్త వంటగది కాబోయే వసారాలో కూర్చుని, ఒక్కతే. లోపల ఏది కనపడినా అది ఆవిడ తప్పు కాదని నేను బతికుండగా, పూర్తి తెలివితో, ఇద్దరు సాక్షుల ముందు చెప్పినట్టు ఈ కాగితమే రుజువు.

పైదంతా నాకు రెండుసార్లు చదివి వినిపించారు. రెండోసారి ఒక మాట మార్చబోయారు, ఒప్పుకోలేదు.

తేదీ: రెండు వేల ఇరవై నాలుగు, ఆగస్టు పద్నాలుగు, బుధవారం, మధ్యాహ్నం.

ఇది గొట్టాలమ్మ ఎడమచేతి బొటనవేలి నిశానీ.

సాక్షులు:
1. ల్యాబు మైక్రోస్కోపు ఆయన (సంతకం)
2. ఎదురింటి కళ్లజోళ్ల షాపు ఆయన (సంతకం)

దస్తూరి: దస్తావేజులు రాసే ఆయన. నిశానీ వేయించేటప్పుడు గోడగూటి వైపు చూడబోతే, చూడొద్దని నన్ను కూడా కసిరారు. చూడలేదు.