మడత మీద గీసిన ఇల్లు

గృహ నిర్మాణ అనుమతుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సొంతంగా కట్టుకునే ఇళ్ళ పథకం కింద నేను కట్టుకున్న ఇంట్లో రెండో వంటగదిని పడగొట్టవలెనని వచ్చిన నోటీసును రద్దు చేయుట గురించి.

దర్జీ పని చేసుకుని బతికే నేను సవినయంగా మనవి చేసుకొనునది:

1. సదరు పథకంలో స్థలం పొందినవారు తమ ఇంటి ప్లాను తామే గీసుకోవచ్చునని తమ కార్యాలయం గోడమీద రాసి ఉన్నది. అది చదివి నాకు కొమ్ములు మొలిచినవి. ఇంతమంది ఒంటికి సరిపడా కుట్టినవాణ్ణి, ముగ్గురికి సరిపడా ఇల్లు గీయలేనా అనుకున్నాను. ఇంజనీరు దగ్గరకు వెళ్ళమని నా భార్య చెప్పినది. వినలేదు.

2. మా వృత్తిలో చొక్కా వీపు భాగాన్ని సగమే గీస్తాము. గుడ్డను మడిచి, ఆ మడత మీద కాగితం పెట్టి కత్తిరిస్తే రెండో సగం తనంతట తానే వచ్చును. అలవాటు కొద్దీ ఇల్లు కూడా సగమే గీసి, అంచున ‘మడత’ అని రాసి సమర్పించుకున్నాను. తమ కార్యాలయం వారు దానిపై ముద్ర వేసి ఆమోదించినారు. తప్పెవరిదని నేను అడగడం లేదు. అడిగే మొహం నాకు లేదు.

3. మేస్త్రీ మాత్రం అడిగినాడు, సగమే ఉన్నదేమని. మడత విప్పితే రెండో వైపూ అచ్చంగా ఇదేనని, ఆపాటి తెలియదా అని కసురుకున్నాను. బడి యూనిఫారాల హడావుడి తీరి నేను వెళ్ళి చూసేసరికి, వాకిలికి ఇటొక వంటగది అటొక వంటగది, ఇటొక స్నానాల గది అటొక స్నానాల గది, చొక్కాకు రెండు చేతుల్లా సరిసమానంగా లేచి ఉన్నవి. “మీరు చెప్పినట్టే కట్టాను కదండీ” అన్నాడు.

4. ఒక స్థలంలో ఒకే వంటగది ఉండవలెనని, రెండున్నచో రెండిళ్ళ కింద లెక్క అని తనిఖీకి వచ్చినవారు సెలవిచ్చినారు. నిబంధన సబబే. అయితే అయ్యా, నన్ను పెంచి, కుట్టు నేర్పిన మా అక్క మాతోనే ఉంటుంది. అద్దె గదిలో ఒకే పొయ్యి దగ్గర అక్కకూ నా భార్యకూ ఉప్పు మొదలుకొని గిన్నె మూత దాకా పడేది కాదు. మాటలు మానేసి, “మీ అక్కకు చెప్పండి” అని ఒకరు, “మీ ఆవిడకు చెప్పు” అని ఒకరు. మధ్యలో నాది పోస్టుమాను ఉద్యోగం. కొత్త ఇంటికి వచ్చాక ఎవరి వంటిల్లు వారిది. మొదట్లో కూర గిన్నెలు అటూ ఇటూ నేనే మోశాను. ఇప్పుడు వాళ్ళే మోసుకుంటున్నారు. ఏ వంటింట్లో ఎవరున్నారో వెతుక్కోవలసి వస్తున్నది. నా తెలివితేటల వల్ల ఇంతవరకు జరిగిన మంచి ఇదొక్కటే, అదీ పొరపాటున జరిగినది.

5. ఇల్లు అందులో ఉండేవారికి నప్పేలా ఉండాలన్నదే ఈ పథకం ఉద్దేశమని కూడా అదే గోడమీద ఉన్నది. మాకు నప్పినది.

కావున ఒక కుటుంబానికి రెండు పొయ్యిలు ఉండవచ్చునని ఉత్తర్వులు దయచేయ ప్రార్థన. ఏదో ఒకటి పడగొట్టక తప్పదంటే రెండో స్నానాల గదిని పడగొట్టించండి. బయట నిలబడి తలుపు కొట్టడం నాకు అలవాటే.

కుట్టు ఎక్కడైనా వంకర పోయి ఉంటే మన్నించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సగం ప్లాను దర్జీ

మరొక మనవి: ఈ అర్జీ ఇంట్లో చదివి వినిపించాను. అక్క, “నాది కొట్టేయమను రా. నేను మరదలి దగ్గరే ఇంత తింటాను” అన్నది. నా భార్య గరిట కింద పెట్టి, “వదినది ముట్టుకోవద్దని రాయండి. కొడితే నాది కొట్టమనండి” అన్నది. నాదంటే నాదని మాటా మాటా పెరిగి, ఇద్దరూ మళ్ళీ మాటలు మానేశారు. నా పాత ఉద్యోగం నాకు తిరిగి వచ్చినది. అయ్యా, ఉత్తర్వు కొంచెం త్వరగా పంపండి.