ఉపవాసం నాడు సూది

సిస్టర్ గారికి,

మీ దగ్గర షుగరుకు చూపించుకుంటున్న మా అత్తగారి గురించి రాస్తున్నాను. వారానికి ఒక రోజు ఉపవాసం ఉంటానని ఆవిడ చెప్పినప్పుడు మీరు, "దేవుడేమన్నా షుగరు మాత్రలిస్తాడా మామ్మా?" అన్నారు. వరండాలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. సిగ్గుతో ఆవిడా నవ్వారు.

తర్వాత మీరు అడిగితే, "మానేశాను తల్లీ" అన్నారు. మీరు నమ్మేశారు. మొన్న ఉపవాసం నాడు ఏమీ తినకుండానే రోజూ వేసుకునే ఇన్సులిన్ మొత్తం వేసుకుని, దేవుడి ముందే కూలబడ్డారు. ఒళ్లంతా చెమట, మాట తడబాటు. చక్కెర నీళ్లు తాగించాక గానీ నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టి అన్న మొదటి మాట, "సిస్టరుకు చెప్పకే, నవ్వుతుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. నాకు గట్టిగా మాట్లాడడం చేతకాదు, అందుకే రాస్తున్నాను. డెబ్బై ఏళ్ల మనిషి చావుకన్నా మీ నోటికి ఎక్కువ భయపడుతున్నారు.

ఆవిడ ఉపవాసం మానరు. మానమని నేను చెప్పను. గురువారం మళ్లీ ఉంటారు. ఆ రోజు సూది ఎంత వేయాలో, అసలు వేయాలో వద్దో డాక్టరుగారిని అడిగి ఉంచండి. రేపు ఇద్దరం వస్తున్నాం. తలుపు వేసి, ఆవిడ చెప్పేది చివరిదాకా వినండి. నవ్వొస్తే ఆపుకోండి.

ఇట్లు,
మామ్మగారి కోడలు