అరమీటరు తేడా

జూలై 14, సోమవారం. పొద్దున్నుంచి ముసురు. సర్వే మిషన్ నిలబెట్టే ట్రైపాడ్‌కు అంటిన మట్టి కడిగాను.

తమ్ముడు మహిపాల్‌కు,

అమీర్‌పేట సగం నేను, పంజాగుట్ట సగం నువ్వు సర్వే చేసిన కాలువలో నీళ్లు వెనక్కి తన్ని ఇళ్లలోకి వచ్చాయి. ఉపగ్రహం ఇచ్చే ఎత్తును భూమి ఆకర్షణ నమూనాతో సరిచేస్తేనే నీళ్లు ఎటు పారతాయో తెలుస్తుందని, ఒక పనికి ఒకే నమూనా వాడాలని నీకు నేర్పింది నేను. నువ్వు వేరేది వాడావు. రెండు సగాలు కలిసేచోట అరమీటరు తేడా వచ్చింది.

సర్వే అయిన రోజు ఏ నమూనా పెట్టావని అడిగితే, "గదే పెట్టిన అన్నా, ఫికర్ చెయ్యకు. రాయి కాడికి పోతే గంట పడ్తది. దివ్యశ్రీ దవాఖానల ఒక్కతే ఉన్నది" అన్నావు. భార్య దగ్గరికి వెళ్లమని పంపేశాను. ఎత్తు తెలిసిన సర్వే రాయి దగ్గర సరిచూడకుండానే నా రోజువారీ పుస్తకంలో "సరిచూశాను" అని రాశాను.

శనివారం ఇంజనీరుగారు నువ్వు రాసిచ్చింది చదివి వినిపించారు. తప్పు నాదేనన్నట్టు, నేను చెప్పిన నమూనానే పెట్టానని రాశావట. "ఏంటండీ, చదువుకోకుండా మిషన్లు ముట్టుకుంటే ఇంతే మరి" అన్నారు. నా పుస్తకం తెప్పించి, "సరిచూశాను" అన్న మాట చూపించి, నన్ను పనిలోంచి తీసేశారు.

పదిహేనేళ్లలో నేను అందులో రాసిన అబద్ధం అదొక్కటే. నీకోసం రాశాను.

ఇవాళ మిషన్ అప్పగించాను. తిరిగొచ్చాక ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.