లమారా పెరుగు

కుతైసీలో ఉన్న మా అమ్మ లమారాకు,

థెస్సలోనికి నుంచి నెస్తాన్ బోలెడు ముద్దులతో రాయునది. ఇక్కడ మల్ఖాజ్, తెక్లా, కొట్టు, రొట్టెల పొయ్యి, అన్నీ క్షేమం. నా సంగతి మాత్రం అడగకు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి పొద్దుటినుంచి ఆరుసార్లు కూర్చున్నాను, ఆరుసార్లు లేచాను. రెండింటికి గోచా మన ఊరికి ఉత్తరాలూ సామాన్లూ మోసే వ్యాను తీసుకొస్తాడు. ఈలోగా ముగించాలి.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. నీ అల్లుడు మల్ఖాజ్ మోకాలు నయమైంది. పొయ్యి దగ్గర నిలబడి మళ్ళీ అందరి మీదా అరుస్తున్నాడు. నీ మనవరాలు తెక్లా దగ్గర పెళ్ళి మాటెత్తితే, "అంత సరదాగా ఉంటే అమ్మమ్మనే చేసుకోమను" అంటోంది. కొట్టుకు పక్క గది కూడా తీసుకున్నాం. సోమవారం నుంచి ఒక పెద్ద దుకాణానికి రోజూ మూడొందల సీసాల పెరుగు వెయ్యాలి. ప్రతి సీసా మీదా నీ బొమ్మ, కింద ‘లమారా పెరుగు, మా అమ్మమ్మల నాటి తోడు’ అని. ఇక్కడి ఇళ్ళల్లో ముసలివాళ్ళను చూసుకునే మన దేశం ఆడవాళ్ళు ఆదివారాలు వచ్చి, నిలబడే ఒక సీసా పెరుగు తిని, కళ్ళు తుడుచుకుంటారు. అప్పుడల్లా నేను వెనకగదిలోకి పోతాను. ఎందుకో చెప్తాను. ఆగు, పాలు చూసొస్తాను.

వచ్చాను. పోయిన ఉత్తరంలో ఏం రాశావు నువ్వు? "మీ వదిన చేతిలో నా తోడు పాడైపోయింది. పక్కింటి గుగులీని అడగమంటోంది. ఒకప్పుడు దానికి తోడిచ్చిందే నేను. మన ద్రాక్షతీగ కొట్టేయించి, పదకొండేళ్ళుగా మొహం చూపించని మనిషి గుమ్మం ఎక్కుతానా? నా కూతురి దగ్గరుంది. ఒక సీసా పంపు" అన్నావు.

అమ్మా, నా దగ్గర లేదు. పద్నాలుగేళ్ళుగా లేదు.

వచ్చిన కొత్తలో స్తమాతియా అనే ముసలావిడను చూసుకునేదాన్ని గదా. భాష రాదు, పలకరించే దిక్కు లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం, ఆవిడ కునుకు తీస్తుంటే, బయల్దేరేటప్పుడు నువ్విచ్చిన తోడు సీసా మూత తీశాను. వాసన చూద్దామనే తీశాను. ఒక చెంచా తిన్నాను. ఇంకొకటి. చివరికి రొట్టెముక్కతో సీసా అడుగంతా తుడుచుకుని తినేశాను. తోడుకు ఒక్క చుక్క మిగల్చాలని కూడా తోచలేదు. అది దారిలో ఒలకలేదు, ఎవరూ పారబొయ్యలేదు. ఆకలీ కాదు. నువ్వు కావాలనిపించింది, అంతే.

నా ఏడుపు విని స్తమాతియా లేచొచ్చింది. ఖాళీ సీసా చూసి, ఏమర్థమైందో ఏమో, తన గిన్నెలోంచి కాస్త పెరుగు తీసి నా సీసాలో వేసింది. మేం ఇన్నేళ్ళుగా తోడేసుకుంటున్నది అదే. మంచి తోడమ్మా, గడ్డలా తోడుకుంటుంది. అబద్ధమాడింది నేను.

ఇవాళ పొద్దున్న ఆ పెరుగే సీసాలో పోసి, నీ పేరు రాసి పెట్టాను. "పంపెయ్యవే, పెరుగన్నాక అంతా తెల్లగానే ఉంటుంది, అత్తయ్యకేం తెలుస్తుంది?" అన్నాడు మల్ఖాజ్. నీకు తెలియదేమోననే నా భయం. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఆహా, మా అమ్మ చేతి రుచే" అంటావు. ఆ మాట నేను తట్టుకోలేను.

తెక్లాకు చెప్పేశాను. "సీసాలకంటించే కాగితాలన్నీ అచ్చేయించాకా చెప్పేది!" అని అరగంట తిట్టింది. తిడుతూనే సోమవారం సీసాల మీది నీ బొమ్మలు ఊడదీస్తోంది. దుకాణం వాళ్ళు ఇలా అయితే వద్దంటారేమో. అయినా ఊడదీయమన్నాను.

గోచా చేత సీసా పంపుతున్నాను. నువ్విచ్చిన సీసానే, కడిగి, ఖాళీగా. అమ్మా, గుగులీ ఇంటికి వెళ్ళు. తోడు అడిగితే మన వీధిలో ఎవరూ లేదనరు, ఆవిడా అనదు. నీకోసమని అడగడం నామోషీ అయితే నాకోసమని అడుగు. "నా కూతురు వెళ్ళిన నాలుగో రోజే ఊడ్చుకు తినేసింది, ఇన్నేళ్ళూ నన్ను నమ్మించింది" అని చెప్పు. పగలబడి నవ్వుతుంది. నవ్వనీ. నీకు కాస్త ఉంచుకుని, మిగతాది ఈ సీసాలోనే పంపు.

అదిగో, వ్యాను హారన్. తిట్టాలనుంటే తిట్టు, కానీ ఉత్తరం రాసే తిట్టు.

ఇట్లు,
నీ తిండిపోతు కూతురు
నెస్తాన్