ముందు సీటు కోసం నీలం రంగు

మార్చి 9, సోమవారం. ఉదయం 6.10

కొత్త నోటుబుక్కు, మొదటి పేజీ.

తీర్మానం: ఈస్టర్ లోపల కారుకు మంచి పనివాడితో నిండా రంగు వేయించాలి. రాములమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని చర్చికి తీసుకుపోవాలి. డైరీలో సూటిగా రాయాలి. పక్క ముచ్చట్లు వద్దు.

రేపు ఎవరైనా చదివితే అర్థం కావాలి కాబట్టి రెండు ముక్కలు. నేను యిర్మియాను. బొగ్గుబాయిలో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను, అందులో చివరి పద్దెనిమిది ఏళ్లు మైనింగ్ సర్దార్‌గా. రాములమ్మ నా భార్య. కొడుకు టిమోతి క్వార్టర్‌లో, ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో ఉంటున్నాం. గోలేటిలో కారు కొని రెండేళ్లు. నాకంటే ముందు దాన్ని ముగ్గురు తోలారు.

ప్రతి ఆదివారం జరిగేది ఇది: గోదావరిఖని చర్చికి రాములమ్మ, ముత్యం తోలే షేర్ ఆటోలో పోతుంది. దాని వెనక నేను ఖాళీ కారుతో బయలుదేరుతాను. నిన్న ఆటోలో ఎవరో ఒకామె వెనక్కి చూసి, "గాయన మనెంబడే వస్తున్నడేంది?" అని అడిగిందట. "నాకెర్కలేదు" అందట మా ఆమె.

కారు కొన్న కొత్తలో నాలుగు ఆదివారాలు ఎక్కింది. ఐదో ఆదివారం దాన్ని పైనుంచి కిందిదాకా చూసి "గిండ్లయితే నేను రాను" అంది. కారణం చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, కళ్లముందే ఉంది. ఎడమ తలుపు ఒక తెలుపు, కుడి తలుపు ఇంకో తెలుపు. పైకప్పు మీద మచ్చలు. అలాంటి కారులోంచి పట్టుచీర కట్టుకుని ఎవరు దిగుతారు?

11.30. రేట్లు కనుక్కొచ్చాను.

హైవే మీది పెద్ద వర్క్‌షాపు: అరవై రెండు వేలు. గాజు గదిలో పెట్టి వేస్తారట. గదిలో ఏసీ ఉంది. కారుకు.

నర్సింగం షెడ్డు: ఇరవై ఆరు వేలు.

బస్టాండు పక్కన బోర్డులు రాసే ఆయన: తొమ్మిది వేలు. బ్రష్షుతో. అడిగితే వెనక అద్దం మీద పేరు కూడా రాస్తాడు.

నర్సింగం ఖాయం. ఇరవై ఆరు. ఆపైన ఒక్క రూపాయి పెట్టేది లేదు.

మార్చి 10, మంగళవారం

కారును షెడ్డులో అప్పగించాను. నర్సింగం నలభై దాటిన మనిషి, చేతులకు ఎప్పుడూ మూడు నాలుగు రంగులు అంటుకుని ఉంటాయి. కారు చుట్టూ తిరిగి చూస్తున్నాడు. ఆయన చూస్తుంటే నా చేయి ఊరుకోలేదు. కర్రతో పైకప్పు మీద రెండు దెబ్బలు వేసి చెవి పెట్టాను.

ఇది పక్క ముచ్చట కాదు, అవసరమైన సంగతి. సర్దార్ పనేమిటంటే, అందరికంటే ముందు బాయిలోకి పోయి కర్రతో పైకప్పును కొట్టి వినడం. ఖణ్‌మంటే గట్టి రాయి. బొదబొదమంటే లోపల పెచ్చు లేచినట్టు, మనుషులను రానీయకూడదు. ఉద్యోగం దిగిపోయినా అలవాటు దిగలేదు. పుచ్చకాయను కొడతాను. సరే, అందరూ కొడతారు. టిమోతికి పిల్లను చూడబోయినప్పుడు వాళ్లు కొత్తగా కట్టిన ఇంటి గోడను కూడా కొట్టి విన్నాను. బొదబొదమంది. ఆ సంగతి పైకి అన్నాను కూడా. కోడలు క్రిస్టినా ఇంకా మరిచిపోలేదు.

నర్సింగం వచ్చి నా కర్ర పట్టుకున్నాడు.

"సర్దార్ కాకా, ఇరవై ఆరు వేలు కండ్లకు కనవడేదానికి. చెవులకు ఇనవడేదానికి కాదు."

"అంటే లోపల లప్పం ఉన్నదా?"

"పాత కార్ల సొట్టలళ్ల లప్పం నింపక బంగారం నింపుతరా? మీదికెల్లి మంచిగ రంగు కొడ్త. నువ్వు గెలుకకుంటే పదేండ్లు గట్లనే ఉంటది. గెలికినవా, రేటు వెరుగుతది."

తీర్మానం రెండు: పని అయ్యేదాకా కారును కొట్టను. ఎలాగూ శ్రమకాలం నడుస్తోంది. ఈస్టర్ దాకా చర్చిలో ఒక్కొక్కరు ఒక్కోటి మానేస్తారు. కొందరు మాంసం, కొందరు చాయ్. నేను కొట్టడం మానేశాను.

మార్చి 12, గురువారం

రెండు రోజులు పూర్తి. షెడ్డు వైపు పోలేదు. చాయ్ గ్లాసును కూడా కొట్టలేదు. ఒంట్లో హాయిగా ఉంది. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో మానేసేవాణ్ని.

మార్చి 14, శనివారం

10.00. షెడ్డుకు పోయాను, ఊరికే చూడ్డానికి. కర్ర ఇంట్లోనే వదిలిపెట్టాను. ఇది గమనించాలి.

నర్సింగం నీళ్లలో ముంచిన గరుకు కాగితంతో తలుపు రుద్దుతున్నాడు. పొరలు పొరలుగా రంగులు బయటపడుతున్నాయి. పైన తెలుపు, దాని కింద బూడిద, ఇంకా కింద నీలం. అచ్చం బాయిలో మేము సీములనే బొగ్గు పొరల్లాగే. ఆర్‌సీ బుక్కు తీసి చూస్తే నీలం అని ఉంది. అంటే మనది మూడో సీము. రెండేళ్లుగా నేను తోలుతున్నది ఏ రంగు కారో ఇవాళ తెలిసింది. నీలమే వేయమన్నాను.

10.20. వేలి కణుపుతో ఒక్కసారి. వేలితో కొడితే కొట్టినట్టు కాదు.

10.21. బైబిలంత పెచ్చు ఊడి పడింది. తలుపులోంచి అవతల ఉన్న నర్సింగం చెప్పులు కనిపిస్తున్నాయి.

"కాకా."

"ఏందిరా?"

"రేకు అతుకాలె. నాలుగువేల అయిదొందలు."

మొత్తం: ముప్పై వేల ఐదు వందలు. ఇక్కడితో సరి.

మార్చి 15, ఆదివారం

కారు లేదు కాబట్టి నేనూ ముత్యం ఆటోలోనే పోయాను. రాములమ్మ వెనక కూర్చుంది, నాకు ముత్యం పక్కన సగం సీటు. మిగతా సగం నేను గాలిలో ఉన్నాను. చౌరస్తాలో మా సదయ్య కనిపించి చెయ్యెత్తాడు. నేను ఒక మాట అనేలోపే ఆటో కదిలింది. ముత్యానికి మర్యాద తెలియదు.

వింత ఏమిటంటే, ఆటో తొమ్మిది చోట్ల ఆగింది, అయినా మొదటి కీర్తన మొదలవకముందే చేరాం. రోడ్డు బాగు చేసినట్టున్నారు. ఈ రెండేళ్లలో మొదటి కీర్తన వినడం నాకు ఇదే. రాములమ్మ ముఖం కూడా కళగా ఉంది. ఇరుకు ఆటోలోనే ఇంత కళగా ఉంటే, నీలం కారులో ఎట్లా ఉంటుందో!

మార్చి 18, బుధవారం

నేను కొట్టలేదు. మొదటే రాస్తున్నాను. సదయ్య కొట్టాడు. నేను చోటు చూపించానంతే.

సదయ్య నాతో బాయిలో చేసినవాడు. నేను బొదబొదమంటోందని చెప్పిన చోట దుంగలు నిలబెట్టడం ఆయన పని. పద్దెనిమిది ఏళ్లు అట్లా గడిచాక, ఒకరు చూపిస్తే ఇంకొకరు కొట్టకుండా ఉండటం కష్టం.

ఆయన కారు కప్పు మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "బావా, ఇది నిలవడది. నడుమ ఒక దుంగ వెట్టాలె."

"దుంగ వెడితే నేనేడ కూసోవాలె?"

"నువ్వు బయట ఉండి సూసుకో. సర్దార్‌వు గదా."

నర్సింగం స్ప్రే గన్ను కింద పెట్టి వచ్చాడు. "తాతా, ఇది బాయి కాదు. కారు."

"నాకు రెండూ ఒకటే బిడ్డా" అని సదయ్య ఇంకొకటి వేశాడు. కప్పు మీది లప్పం మొత్తం అప్పడంలా లేచి నిలబడింది.

ఏడు వేలు. మొత్తం ముప్పై ఏడున్నర.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆ పెచ్చు సరిగ్గా రాములమ్మ కూర్చునే సీటు పైన ఉంది. తెలిసి తెలిసి ఊరుకుంటే నేనేం సర్దార్‌ను?

మార్చి 24, మంగళవారం

కొట్టడం వేరు, తట్టడం వేరు. తట్టడం వేరు, నిమరడం వేరు. ఈ వారం లెక్క:

బానెట్: తట్టాను.

డిక్కీ: నిమిరాను. నిమురుతుంటే ఉంగరం తగిలింది.

ఎడమ వెనక తలుపు: దాని మీద ఒరిగాను. మనిషి ఒరగడా?

మూడువేల ఐదు వందలు. మొత్తం నలభై ఒక్క వేలు. నర్సింగం షెడ్డు ముందు తాడు కట్టాడు. ఎవరి కోసమని అడిగితే బర్రెల కోసం అన్నాడు. అక్కడ బర్రెలు లేవు.

సాయంత్రం రాములమ్మ అడిగింది. "ఓ టిమోతి నాయినా, రంగుకు ఎంతయితుంది?"

"ఇరవై ఆరు."

"ఇరవై ఆరుకు బ్యాంకుకు నాలుగుసార్లు వోతరా?"

మాట మళ్లించడానికి తొంభై నాలుగులో కప్పు కూలబోతే పదకొండు మందిని బయటికి పంపిన ముచ్చట మొదలుపెట్టాను. సగంలో లేచి బట్టలు ఆరేయడానికి పోయింది. ఆ ముచ్చటలో అసలు భాగం ఆమె ఇంతవరకు వినలేదు.

ఏప్రిల్ 1, బుధవారం

నీలం పడింది. రంగు కొట్టేది పొద్దటి పూటే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయితే సన్నటి పొడి వచ్చి పచ్చి రంగు మీద వాలుతుందని నర్సింగం పన్నెండుకల్లా ముగిస్తాడు. నేను తాడు బయటే నిలబడి చూశాను. కారు కొత్త స్లేటులా మెరుస్తోంది.

12.40. నర్సింగం అన్నానికి పోయాడు.

12.45. తాడు చాలా కిందికి కట్టాడు.

12.46. చూపుడు వేలు. ఆరిందో లేదో చూడాలి కదా, దీన్ని కొట్టడం అనరు.

రెండు వేలు. మొత్తం నలభై మూడు. పెద్ద వర్క్‌షాపు వాళ్ల గాజు గదికి ఇంకా పంతొమ్మిది వేలు తక్కువే. ఆ లెక్కన చూస్తే మిగిలినట్టే.

ఏప్రిల్ 4, శనివారం

కారు ఇంటికి వచ్చింది. "పది దినాలు కడుగద్దు, రుద్దద్దు, నీ చెయ్యి పడద్దు" అని నర్సింగం మూడుసార్లు చెప్పాడు. క్రిస్టినా కూడా బయటికి వచ్చి చూసి, "బాగుంది మామయ్యా, గోడలు గిట్ట కొట్టి చూసిండ్రా?" అంది.

రాములమ్మ వాకిట్లో నిలబడి చూసింది. "మంచిగనే ఉన్నది."

"రేపు ముందు సీట్ల కూసుంటవా?"

"పండుగ గదా. కూసుంట."

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం

7.40. ఎక్కింది. పట్టుచీర, చేతిలో బైబిలు. నలభై మూడు వేలు నాకు చిల్లరలా అనిపించింది.

7.46. కాలనీ మలుపు. కూరగాయల పోశవ్వ కారును చూసి నోరు తెరిచింది. నోరు తెరిచిన మనిషిని దాటి పోవడం మర్యాద కాదు. ఆగాను. మూడు సీముల సంగతి చెప్పాను.

8.05. చౌరస్తా. సదయ్య. కప్పు గట్టిపడిన సంగతి ఆయనకు చూపించకుంటే ఎవరికి చూపిస్తాను?

8.30. పెట్రోల్ బంకు. పెట్రోలు అక్కరలేదు. నీలం రంగు ఎండలో ఎట్లా ఉందో అక్కడి అద్దాల్లో బాగా కనిపిస్తుంది. బంకు ఆయన తన బండికి రంగు రేటు అడిగాడు. ఇరవై ఆరు అని మొదలుపెట్టి నలభై మూడు దాకా వరసగా చెప్పాను.

8.55. తిరిగి చూస్తే ముందు సీటు ఖాళీ.

రోడ్డు అవతల ముత్యం ఆటోలో రాములమ్మ కూర్చుని ఉంది. పరుగెత్తాను.

"ఏందే, రంగు నచ్చలేదా?"

"రంగు నేనెన్నడన్న అడిగిన్నా?"

"మరి అప్పుడు గిండ్ల రానంటివి?"

"కారు మంచిగలేదని అన్ననా? చౌరస్తకొక ముచ్చట, మూలకొక ముచ్చట. నాలుగు ఐతారాలు నీతోని వస్తే నాలుగు ఐతారాలు ఆఖరి ఆమేన్‌కు అందినం."

"గదేదో అప్పుడే చెప్తే అయిపోవుగదనే. నలభై మూడు వేలు."

ఇరవై ఆరు అని చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. రాములమ్మ బైబిలు ఒళ్లో సర్దుకుంది.

"చెప్తే, మా ఆమె గిట్ల చెప్పింది అని దాన్ని సుత ఊరంత చెప్పుకుంట తిరుగుతవు."

ఆటోలో ఆరుగురూ నవ్వారు. ముత్యం వెనక్కి తిరిగి, "పోనియ్యాల్నా అవ్వా?" అన్నాడు.

"పోనియ్యి బిడ్డా. ఇయ్యాల పండుగ."

నేను వెనక బయలుదేరాను. నీలం కారు, ఖాళీ సీటు. దారిలో ముగ్గురు చెయ్యెత్తారు. ఇద్దరి దగ్గరే ఆగాను.

ఏప్రిల్ 6, సోమవారం. ఉదయం 6.10

కొత్త పేజీ. తీర్మానం మళ్లీ మొదటి నుంచి: రాములమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోవాలి. ఈసారి రంగు ఖర్చు లేదు. బయలుదేరిన చోటు నుంచి చేరే చోటు దాకా కారు ఆపకూడదు, అద్దం దించకూడదు, నోరు తెరవకూడదు.

8.00. రాములమ్మ బీపీ గోళీల చీటీ పట్టుకుని బయటికి వచ్చింది. "దవాఖానకు వోవాలె. తీస్కవోతవా?"

"ఆదివారం నుంచి మొదలుపెడదామనుకుంటున్న."

"ఇప్పుడే సూద్దాం. ఒక్కతాన ఆపినా నేను దిగుత."

కాలనీ మలుపులో పోశవ్వ నవ్వింది. నేను రోడ్డు చూశాను. చౌరస్తాలో సదయ్య రెండు చేతులూ ఎత్తాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగాను. సదయ్య చేతులు దించకుండానే అద్దంలో చిన్నగా అయిపోయాడు. బంకు దగ్గర కళ్లు మూసుకోబోయాను, తోలుతున్నానని గుర్తొచ్చి మానుకున్నాను.

దవాఖాన ముందు ఆపాను. మందుల కిటికీ ఇంకా తెరవలేదు. జీవితంలో మొదటిసారి ఎక్కడికైనా ముందుగా చేరాను. రాములమ్మ తలుపు తీసి దిగుతుందేమోనని చూశాను. తీయలేదు. సీటు వెనక్కి జరుపుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఇంక టైమున్నది. గా లప్పం ముచ్చట, నలభై మూడు ముచ్చట, అందరికీ చెప్పినవు. నాకు చెప్పు."

"ఏడికెల్లి చెప్పాలె?"

"మొదటికెల్లే."

కారు బేరమాడడానికి గోలేటికి పోయిన రోజు నుంచి మొదలుపెట్టాను. మందుల కిటికీ తెరిచేసరికి మేమింకా గోలేటిలోనే ఉన్నాం.